తప్పు పెద్దబాపుది కాదు!

జగిత్యాల దాటి లోపలికి ఓ గంట ప్రయాణం చేస్తే మా పెద్దబాపు వాళ్ల ఊరు. పోయిన వరికోతలప్పుడు వెళ్లాను. నేను గేటు తీసేసరికి ఆయన అరుగు మీద కూర్చుని, ముక్కు మీదికి జారిన కళ్లద్దాల్లోంచి ఫోను వంక కోపంగా చూస్తున్నాడు. ఒళ్లో బ్యాంకు పాస్‌బుక్కు, పట్టా పాసుపుస్తకం, ఆధార్ కార్డు. పక్కన ఎప్పుడో చల్లారిపోయిన చాయ్.

‘‘ఏం జేస్తున్నవ్ పెద్దబాపూ?’’ అన్నాను చెప్పులు విప్పుతూ.

‘‘గిదేందో సూడు బిడ్డా. దరఖాస్తు పెట్టాల్నట. పేరు కొట్టిన, ఊరు కొట్టిన, సర్వే నంబరు కొట్టిన, బ్యాంకు నంబరు కొట్టిన. ఆఖరికి పాస్‌బుక్కు ఫోటో దియ్యిమన్నది. తీసిన. తీసి వచ్చేసరికి మల్ల మొదటికొచ్చింది. గిట్ల మూడుసార్లు!’’

ఫోను తీసుకుని చూశాను. నిజమే. తెర మీద ఖాళీ గడులు. ‘మీ పేరు’ అని అడుగుతోంది... ఆ మనిషిని జన్మలో ఎప్పుడూ చూడనట్టు!

పెద్దబాపు కళ్లద్దాలు తీసి తువ్వాలతో తుడుచుకున్నాడు. ‘‘నాతోని గాదు బిడ్డా. గియ్యన్ని సదువుకున్నోళ్లకే. నాకు అక్కర లేదు తియ్యి’’ అన్నాడు.

ఆ మాట దగ్గరే నాకు చురుక్కుమంది. పోతే పోయింది దరఖాస్తు, రేపు మళ్లీ పెట్టుకోవచ్చు. కానీ తప్పు తనదేనని ఆయన తీర్మానించేసుకున్నాడే... అదీ బాధ. మీ ఇంట్లోనూ అమ్మో, తాతో, పక్కింటి అంకులో ఇదే మాట అనే ఉంటారు. ఏ యాప్, ఎవరి యాప్ అన్నది ఇక్కడ అనవసరం. చాలా యాప్‌లకు ఉన్న జబ్బే ఇది. ఆ జబ్బేమిటో, ఎందుకు వస్తుందో, మందేమిటో ఈ వారం చెప్పుకుందాం.

పలక... పుస్తకం

మన కంటికి యాప్ అంటే ఒకటే. కానీ లోపల అది చాలా గదులున్న ఇల్లు. పేరు అడిగే తెర ఒక గది. బ్యాంకు వివరాలు అడిగే తెర మరో గది. ఫోటో గది వేరే. మనం ‘నెక్స్ట్’ నొక్కిన ప్రతిసారీ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళుతున్నామన్నమాట. మొదటి గదిలో చెప్పిన పేరు మూడో గదిలో ఉన్నవారికి తెలియాలంటే ఎవరో ఒకరు మోసుకెళ్లాలి. లేదా అందరికీ అందేచోట రాసిపెట్టాలి. తనంతట తానుగా తెలియదు.

ఇక ఫోనుకు రెండు రకాల జ్ఞాపకాలు. ఒకటి పలక. మరొకటి పుస్తకం. పలకనే మనం ర్యామ్ అంటున్నాం. రాయడం, చెరపడం చిటికెలో పని. కానీ జాగా తక్కువ. పైగా తడిగుడ్డ తగిలితే మాయం. పుస్తకమంటే ఫోను స్టోరేజ్. మన ఫోటోలు, పాటలు ఉండేది అందులోనే. ఫోను ఆపి మళ్లీ వేసినా అందులో రాసింది చెక్కుచెదరదు.

పెద్దబాపు టైపు చేసిన పేరు, ఊరు, సర్వే నంబరు అన్నీ పలక మీదే ఉన్నాయి. ఆ యాప్ తయారు చేసినవాళ్లు ‘చివర్లో సబ్మిట్ నొక్కాక ఒకేసారి పంపుదాంలే’ అనుకున్నారు. ఈలోపు ఫోటో తీయాల్సి వచ్చింది. ఫోటో తీయడమంటే కెమెరా అనే ఇంకో యాప్‌ను పిలవడం. కెమెరా తిండిపోతు. దానికి పలక మీద బోలెడంత జాగా కావాలి. పెద్దబాపుది అన్న కొడుకు వాడి వదిలేసిన పాత ఫోను. పలక చిన్నది. అప్పుడు ఫోను ఏం చేస్తుంది? కళ్ల ముందు ఉన్న కెమెరాకు చోటివ్వడం కోసం, వెనక్కి వెళ్లిన దరఖాస్తు యాప్ రాతను తుడిచేస్తుంది. ఇది ఫోను చేసిన తప్పు కాదు. ఆండ్రాయిడ్ ఫోన్ల పని తీరే అంత. జాగా చాలనప్పుడు, వెనకున్న యాప్‌లను నోరెత్తకుండా మూసేస్తుంది.

ఫోటో తీశాక పెద్దబాపు వెనక్కి వచ్చాడు. యాప్ మళ్లీ లేచింది. అప్పుడే నిద్ర లేచినట్టు ‘మీ పేరు?’ అని అడిగింది. గజిని సినిమాలో సూర్యకు పదిహేను నిమిషాలన్నా గుర్తుండేది. దీనికి అదీ లేదు!

ఓటీపీ దగ్గరా ఇదే గోల. ఓటీపీ చూద్దామని మెసేజ్‌లలోకి వెళతాం. ఆరంకెలు కంఠతా పట్టి వెనక్కి వస్తాం. ఈలోపు యాప్ నిద్రపోయి లేచి ఉంటుంది. మొదటి తెర. మళ్లీ ఫోన్ నంబరు. మళ్లీ కొత్త ఓటీపీ.

ఇంకో తమాషా. కొన్ని యాప్‌లలో సగం నింపాక ఫోనును అడ్డంగా తిప్పి చూడండి. రాసిందంతా పోతుంది. ఎందుకంటే, ఫోను తిప్పితే ఆండ్రాయిడ్ మామూలుగా ఆ తెరను కూల్చేసి, అడ్డం కొలతలతో కొత్తగా కడుతుంది. పాత గోడ మీద ఉన్న రాత గోడతోపాటే పోతుంది. దాన్ని ముందే తీసి దాచాల్సింది యాప్ రాసినవారే.

పెళ్లిలో కట్నాల పుస్తకం

దీనికి మందేమిటన్నది మా పెద్దబాపుకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయనకు నలభై ఏళ్లుగా తెలుసు!

పెద్దబాపు చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. మా ఊళ్లో ఎవరింట పెళ్లయినా కట్నాలు రాసేది ఆయనే. పందిట్లో ఓ టేబులు, దాని మీద పొడుగు పుస్తకం, చంకలో సంచి. పేరు, ఊరు, ఎంత... మూడు ముక్కలు. చుట్టాలు గేటు దగ్గర ఒకరికి ఇస్తారు, భోజనాల దగ్గర ఒకరికి ఇస్తారు. ఎవరి చేతికిచ్చినా సరే, ఆ డబ్బు, ఆ పేరు వెంటనే పెద్దబాపు పుస్తకంలోకి రావాల్సిందే. ‘‘నెత్తిల పెట్టుకునుడు లేదు. బుక్కుల పడాలె’’ అన్నది ఆయన శాసనం.

ఎందుకంటే, గేటు దగ్గర పిల్లాడు ‘కోరుట్ల మామ ఐదు వందలు’ అని మనసులో అనుకుని, ఈలోపు ఎవరో పిలిస్తే సాంబారు బకెట్ పట్టుకెళ్లాడనుకోండి. అంతే! మామ పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. రేపు వాళ్లింట్లో పెళ్లయితే ఎంత పెట్టాలో మనకు తెలియదు. ఇస్తే గుర్తులేదన్న మాట ఊరంతా పాకుతుంది. చిన్న మరుపు, పెద్ద మనస్తాపం.

యాప్‌లకూ అదే సూత్రం. నలుగురికి కావాల్సిన వివరం ఏ ఒక్క తెర నెత్తిలోనూ ఉండకూడదు. పందిట్లో పుస్తకంలా ఒకేచోట ఉండాలి. ఏ తెరకు కావాలన్నా అక్కడికే వచ్చి చూసుకోవాలి. మార్చాలన్నా అక్కడే మార్చాలి.

దీన్ని ప్రోగ్రామర్లు మూడు మెట్లుగా చేస్తారు. మొదటిది చీటీ. ఒక తెర తర్వాతి తెరకు చీటీ రాసి పంపుతుంది. ఆండ్రాయిడ్‌లో దీని పేరు ఇంటెంట్. ‘ఈయన దరఖాస్తు నంబరు ఇది’ అని చెప్పడానికి చీటీ చాలు. మొత్తం పుస్తకాన్నే చీటీలోకి ఎక్కిస్తే కుదరదు. ఆ చీటీలన్నీ నడిచే దారికి ఒక ఎంబీ వరకే జాగా. అది దాటితే యాప్ అక్కడికక్కడే కూలబడుతుంది. పైగా చీటీలో ఒక సంఖ్య, అసలులో ఇంకో సంఖ్య ఉంటే ఏది నమ్మాలి?

రెండోది ఉమ్మడి పలక. అన్ని గదులకూ మధ్యలో ఒక పలక వేలాడదీయడం. ఏ గదిలోంచి చూసినా అదే కనిపిస్తుంది. గూగుల్ 2017లో ఆండ్రాయిడ్ ప్రోగ్రామర్లకు ‘వ్యూమోడల్’ పేరుతో ఇలాంటి ఏర్పాటు ఒకటి ఇచ్చింది. ఫోను అడ్డం తిప్పినా ఇందులో రాసింది పోదు. కానీ పలక పలకే. ఫోను ఆ యాప్‌నే మూసేస్తే దీనికీ దిక్కులేదు.

అందుకే మూడోది, అసలైనది... పుస్తకం. ప్రతి గడి నింపగానే, ‘సబ్మిట్’ దాకా ఆగకుండా, వెంటనే ఫోను స్టోరేజ్‌లో రాసేయడం. అప్పుడు కెమెరా వచ్చినా, కరెంటు పోయినా, చార్జింగ్ అయిపోయినా ఫర్వాలేదు. మళ్లీ తెరవగానే ‘మీ దరఖాస్తు సగంలో ఉంది, కొనసాగిస్తారా?’ అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న అడిగే యాప్ దొరికితే, దాన్ని రాసినవారికి మనసులోనే ఓ దండం పెట్టుకోండి.

యుద్ధనౌక నుంచి మన జేబులోకి

ఈ మరుపు జబ్బు ఫోన్లతో పుట్టింది కాదు. ఇంటర్నెట్‌కు పుట్టుకతోనే ఉంది. వెబ్‌లో ఒక పేజీ చూసి ఇంకో పేజీకి వెళితే, మీరు ఎవరో అవతలి కంప్యూటర్‌కు గుర్తుండదు. ప్రతి పలకరింపూ కొత్తదే. 1994లో నెట్‌స్కేప్ కంపెనీ ఇంజినీరు లూ మాంటులీ దీనికో ఉపాయం కనిపెట్టారు. ఆన్‌లైన్ దుకాణంలో బుట్టలో వేసుకున్న వస్తువులు పేజీ మారగానే పోకుండా, కొనేవారి కంప్యూటర్‌లోనే చిన్న గుర్తు రాసిపెట్టడం. అదే ‘కుకీ’. ఇవాళ ఏ వెబ్‌సైట్ తెరిచినా ‘కుకీలు ఒప్పుకుంటారా’ అని అడిగేది దాని గురించే.

మన ఫోన్లలోని పుస్తకం కథ ఇంకా చిత్రం. అమెరికాకు చెందిన డి.రిచర్డ్ హిప్ అనే ప్రోగ్రామరు, ఆ దేశ యుద్ధనౌకలో వాడే ఒక సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నారు. సమాచారమంతా విడిగా ఉండే పెద్ద డేటాబేస్‌లో ఉండేది. అది మొరాయిస్తే ఈయన ప్రోగ్రామూ ఆగిపోయేది. తిట్లు మాత్రం ఈయనకు! ‘మధ్యలో ఎవరి మీదా ఆధారపడకుండా, పక్కనే ఒక ఫైల్లో రాసుకుంటే పోదా’ అనుకున్నారు. అలా 2000 సంవత్సరంలో పుట్టింది ఎస్‌క్యూలైట్. దాన్ని హక్కులేవీ ఉంచుకోకుండా ప్రపంచానికి వదిలేశారు. ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులో, ప్రతి ఐఫోనులో అది ఉంది. మా పెద్దబాపు పాత ఫోనులోనూ ఉంది.

అంటే పుస్తకం ఫోనులోనే ఉంది. పైసా ఖర్చు లేదు. రాయాలన్న బుద్ధి ఉండాలంతే!

కెరమెరి ఘాట్ ఎక్కితే...

ఒక ఫోను లోపల గదుల సంగతి ఇంతవరకు. ఇప్పుడు ఫోను బయటికి వద్దాం. ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వైపు వెళ్లేవాళ్లకు కెరమెరి ఘాట్ తెలుసు. చుట్టూ అడవి, గుట్టలు. సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. పాత ఆదిలాబాద్ జిల్లా 2016లో నాలుగు జిల్లాలైంది గానీ, ఏజెన్సీ గూడేల్లో సిగ్నల్ కోసం చెట్టెక్కేవాళ్ల అవస్థ అలా విడిపోలేదు.

అయినా ఘాట్‌లో వాట్సాప్ తెరిస్తే పాత మెసేజ్‌లు కనిపిస్తాయి. గమనించారా? అవి ఫోనులోని పుస్తకంలో ఉన్నాయి కాబట్టి. కొత్త మెసేజ్ పంపితే పక్కన చిన్న గడియారం బొమ్మ వస్తుంది. ‘రాసుకున్నాను, దారి దొరకగానే పంపిస్తాను’ అని దానర్థం. గుట్ట దిగి సిగ్నల్ అందగానే ఒక టిక్కు. అవతలివారి ఫోనుకు చేరగానే రెండు టిక్కులు. మనం మళ్లీ టైపు చేయలేదు, మళ్లీ నొక్కలేదు. ముందు ఇక్కడ రాయడం, తర్వాత అక్కడికి పంపడం. మంచి యాప్ లక్షణం ఈ గడియారం బొమ్మలో ఉంది.

కబుర్లకైతే సరే. కూలి డబ్బుల సంగతో?

2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదటి విడత అమలైన జిల్లాల్లో ఆదిలాబాద్, కరీంనగర్ రెండూ ఉన్నాయి. అప్పట్లో హాజరంటే కాగితం మస్టర్. తర్వాత కేంద్రం 2021లో నేషనల్ మొబైల్ మానిటరింగ్ సిస్టమ్ అనే యాప్ తెచ్చింది. వ్యక్తిగత లబ్ధి పనులు తప్ప మిగతా అన్నిచోట్లా 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసింది. పని దగ్గరే రోజుకు రెండుసార్లు ఫోటో తీసి హాజరు వేయాలన్నది అప్పుడు పెట్టిన నిబంధన. దొంగ మస్టర్లు ఆపడానికి పెట్టిన ఏర్పాటు. మరి సిగ్నల్ లేని చోట? హాజరు, ఫోటో ఫోనులోనే ఉంచుకుని, సిగ్నల్ ఉన్నచోటికి వచ్చాక పంపే వీలు అందులో పెట్టారు.

ఆ వీలు ఎందుకు అంత ముఖ్యమో ఆలోచించండి. గుట్ట మీద మట్టి తవ్విన మనిషి చెమట నిజం. ఎండ నిజం. కానీ ఆ పని జరిగిందనడానికి సాక్ష్యం మేటు చేతిలోని ఫోను. అది సాయంత్రం దాకా ఆ హాజరును భద్రంగా మోయాలి. మధ్యలో పలక చెరిగితే ఒకరి దినం కూలి చెరిగినట్టే. పెళ్లిలో కట్నం మరిచిపోతే మాట పడతాం. ఇక్కడ మరిచిపోతే ఆ పూట పొయ్యి మీద ఏం పెట్టాలన్నది ప్రశ్న.

ఒక్క ఉపాధి హామీయే కాదు. అంగన్‌వాడీ టీచర్లు పిల్లల బరువు, ఎత్తు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ 2021లో వచ్చింది. 2025-26 పత్తి సీజనుకు భారత పత్తి సంస్థ ‘కపాస్ కిసాన్’ యాప్‌లో పేరు నమోదు చేసుకుని, స్లాట్ బుక్ చేసుకున్నాకే కొంటామంది. ఆ ఏడు పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తెల్ల బంగారానికి పేరుపడ్డ ఆదిలాబాద్ రైతుకు ఆ ధర అందాలంటే ముందు ఫోను గడప దాటాలి. కూలికీ, పసిపిల్లల లెక్కకూ, పంటకూ మధ్యలోకి ఇవాళ తెర వచ్చి కూర్చుంది. తెర మరిచిపోవడం అన్నది అందుకే కంప్యూటర్ వాళ్ల సొంత గొడవ కాదు. మనందరి గొడవ.

రెండు పుస్తకాలుంటే?

మళ్లీ పెళ్లి పందిరికి వద్దాం. జనం ఎక్కువైతే పెద్దబాపు రెండో టేబులు వేయిస్తాడు. అక్కడ మా తమ్ముడు రాస్తాడు. రాత్రి రెండు పుస్తకాలూ కలిపి లెక్క చూస్తే, ‘మెట్‌పల్లి రాజన్న 500’ రెండింట్లోనూ ఉంటుంది. రాజన్న రెండుసార్లు ఇచ్చాడా? లేక ఇద్దరు రాజన్నలా? లేక ఒక్కటే ఇస్తే ఇద్దరూ రాసుకున్నారా?

యాప్‌లకు ఈ తలనొప్పి రోజూ ఉంటుంది. సిగ్నల్ సరిగా లేనిచోట ‘సబ్మిట్’ నొక్కుతాం. గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. విసుగొచ్చి మళ్లీ నొక్కుతాం. అసలు మొదటిసారే చేరిపోయి ఉండొచ్చు. చేరిందన్న కబురే మనకు రాలేదు. ఇప్పుడు రెండు దరఖాస్తులు! దీనికి మందు, ప్రతి రాతకూ పుట్టగానే ఫోనులోనే ఓ నంబరు ఇవ్వడం. పదిసార్లు పంపినా నంబరు ఒకటే కాబట్టి అవతలి కంప్యూటర్ ఒక్కటిగానే లెక్కిస్తుంది. పెద్దబాపు ఆ పెళ్లి తర్వాత నంబర్లు అచ్చేసిన చీటీల కట్ట కొనుక్కొచ్చాడు. సరిగ్గా అదే పని!

ఇద్దరు వేర్వేరు ఫోన్లలో ఒకే వివరాన్ని మారిస్తే? ఒకరు ఇంటి నంబరు దిద్దారు, ఇంకొకరు ఫోను నంబరు దిద్దారు. కొన్ని యాప్‌లు ‘ఆఖర్న వచ్చిందే ఖాయం’ అంటాయి. అప్పుడు ముందు దిద్దినవారి పని చెప్పాపెట్టకుండా పోతుంది. మంచివైతే ఏ గడి మారిందో అదొక్కటే మారుస్తాయి. రెండూ ఒకే గడి అయితే మనిషిని అడుగుతాయి. తెలియనప్పుడు అడగడంలో నామోషీ ఏముంది?

అతిగా గుర్తున్నా ముప్పే

ఇంతకీ అన్నీ గుర్తుంచుకోవడమే మంచిదా అంటే, కాదు. మన ఇళ్లలో ఒక ఫోనును నలుగురు వాడతారు. నెట్ సెంటర్‌లో ఒకే ఫోనులో ఊరంతటి దరఖాస్తులు పెడతారు. ముందు వచ్చినావిడ ఆధార్ నంబరు తర్వాత వచ్చినాయనకు కనిపిస్తే? పాత మనిషి బ్యాంకు ఖాతా కొత్త మనిషి దరఖాస్తులోకి వస్తే? మరుపు వల్ల ఒక పూట పోతుంది. ఈ తప్పిపోయిన జ్ఞాపకం వల్ల డబ్బే దారి తప్పుతుంది.

కాబట్టి ఏది ఎంతసేపు గుర్తుంచుకోవాలన్నది కూడా తెలియాలి. సగం నింపిన దరఖాస్తు ఉండాలి. పంపేశాక ఫోనులోంచి పోవాలి. ఓటీపీ, పిన్‌లాంటివి అసలు రాయనే కూడదు. లాగౌట్ నొక్కితే ఆ మనిషి ఆనవాళ్లన్నీ తుడిచేయాలి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, అవసరం తీరాక మన వివరాలు చెరిపేయాలనే చెబుతోంది. పెద్దబాపు కూడా అంతే. పెళ్లి కాగానే లెక్క చూసి, పుస్తకం ఆ ఇంటివాళ్లకు అప్పజెబుతాడు. ఎవరెంత పెట్టారన్నది ఇంకో ఇంట్లో చెప్పడు.

మనం ఏం చేయొచ్చు?

యాప్‌ను మార్చడం మన చేతుల్లో లేదు. కానీ కొన్ని జాగ్రత్తలు మన చేతుల్లోనే ఉన్నాయి.

దరఖాస్తు మొదలుపెట్టే ముందు ఫోనులో తెరిచి ఉన్న మిగతా యాప్‌లన్నీ మూసేయండి. పలక మీద జాగా మిగులుతుంది. మొదలుపెట్టాక మాత్రం మధ్యలో పాటలు, వీడియోల జోలికి పోవద్దు.

అడిగే ఫోటోలు ముందే తీసి గ్యాలరీలో ఉంచుకోండి. అక్కడికక్కడే కెమెరా తెరవడం కన్నా గ్యాలరీలోంచి ఎంచుకోవడం ఫోనుకు తేలిక. కొన్ని యాప్‌లు అప్పుడే తీసిన ఫోటోనే కావాలంటాయి. అలాంటప్పుడు వీలైతే ఫోటో ముందు తీసి, మిగతా గడులు తర్వాత నింపండి.

ఓటీపీ వస్తే మెసేజ్‌లలోకి వెళ్లకండి. తెర పైనుంచి వేలితో కిందికి లాగితే అక్కడే కనిపిస్తుంది. చూసి కొట్టేయండి.

నంబర్లన్నీ ముందు ఒక కాగితం మీద రాసుకోండి. చాదస్తం అనుకోవద్దు. మళ్లీ కొట్టాల్సి వస్తే సగం సమయం కలిసొస్తుంది.

యాప్ మొరాయిస్తే చాలామంది పిల్లలు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ‘క్లియర్ డేటా’ నొక్కుతారు, లేదా యాప్ తీసేసి మళ్లీ వేస్తారు. ఆగండి! ఇంకా పంపకుండా ఫోనులో ఉండిపోయిన హాజర్లు, ఫోటోలు, దరఖాస్తులు దాంతోపాటే పోతాయి. పుస్తకాన్నే పొయ్యిలో వేసినట్టు. ముందు పెండింగ్ ఏమైనా ఉందేమో చూసి, సిగ్నల్ ఉన్నచోటికెళ్లి పంపేయండి. చేయాల్సే వస్తే ‘క్లియర్ క్యాష్’ వరకే చేయండి. దాంతో అసలు రాత పోదు.

చివరగా, పని పూర్తయ్యాక వచ్చే నంబరును రాసుకోండి, లేదా తెర ఫోటో తీసుకోండి. నంబరు రాలేదంటే పని పూర్తి కాలేదన్నట్టే.

ఎవరికి రాదు?

‘పెద్దోళ్లకు ఫోన్లు రావు’ అనడం మనకు అలవాటైపోయింది. 1957లో మంథని నుంచి తొలిసారి ఎమ్మెల్యే అయిన పీవీ నరసింహారావు అరవై ఏళ్లు దాటాక, 1980లలో కంప్యూటర్ నేర్చుకుని సొంతంగా ప్రోగ్రాములు రాశారు. వయసు అడ్డం కాదు. మూడుసార్లు ఓపిగ్గా పదిహేను గడులు నింపిన మనిషికి ‘రాదు’ అనడం న్యాయమూ కాదు. ఆయనకు వచ్చు. యాప్‌కే రాలేదు.

జగిత్యాల పక్కన 2007లో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. 2008లో బాసరలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. 2020లో కరీంనగర్‌లో ఐటీ టవర్ తెరిచారు. రేపటి యాప్‌లు రాసేది ఎక్కడి వాళ్లో కాదు, మన ఇళ్ల పిల్లలే. వాళ్లకు ఒక్క మాట. మీ యాప్‌ను కొత్త ఫోనులో, మంచి వైఫైలో పరీక్షించి చంకలు గుద్దుకోకండి. పాత ఫోను తీసుకుని కెరమెరి ఘాట్‌లో కూర్చోండి. సగం నింపి కెమెరా తెరవండి. అడ్డం తిప్పండి. ఫోను ఆపి మళ్లీ వేయండి. రాసింది రాసినట్టు ఉంటేనే మీ యాప్ పాసైనట్టు. లేదంటే మీ బాపునో, అమ్మనో పక్కన కూర్చోబెట్టుకుని నింపించండి. ‘నాతోని గాదు బిడ్డా’ అన్న మాట వాళ్ల నోట రాకుండా చూడండి.

ఆ సాయంత్రం నేనూ పెద్దబాపూ కలిసి కూర్చున్నాం. నంబర్లన్నీ కాగితం మీద రాశాం. పాస్‌బుక్కు ఫోటో ముందే తీసి పెట్టుకున్నాం. ఇంకేవీ తెరవకుండా నింపాం. నాలుగోసారికి ఒప్పుకుంది. తెర మీద ఆకుపచ్చ టిక్కు, కింద పొడుగాటి దరఖాస్తు నంబరు. నేను దాన్ని తెర ఫోటో తీశాను.

‘‘తీసిన పెద్దబాపూ, ఫోనుల ఉంటది’’ అన్నాను.

ఆయన వినలేదు. లోపలికెళ్లి తన పొడుగు పుస్తకం, పెన్ను తెచ్చుకున్నాడు. కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో అంకె చదివించుకుంటూ గుండ్రంగా రాసుకున్నాడు. కింద తారీఖు వేశాడు.

‘‘దాని నెత్తిల ఉంటే ఉండనీ... బుక్కుల పడాలె’’ అన్నాడు.